రెండు కథలు, రెండు పర్సులు

పాలగుమ్మి పద్మరాజు రాసిన 'గాలివాన'ని మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో. హాస్టల్ గదిలో ఎవరో సీనియర్ వదిలేసి వెళ్ళిన కథల సంకలనంలో దొరికింది. రెండోసారి ఉద్యోగంలో చేరిన కొత్తలో, బెంగళూరులో పీజీ గదిలో. మూడోసారి పోయిన నెల, రామసముద్రంలో మా ఇంటి మిద్దె మీద. మొదటి రెండుసార్లూ కథ బాగా నచ్చింది. మూడోసారి సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో చెప్పాలంటే ఆ కథతోపాటు ఇంకో కథ గురించీ, ఒక రాత్రి గురించీ చెప్పాలి. కథలు రెండూ చివరిదాకా చెప్పేస్తాను. చదవనివాళ్ళుంటే ముందు అవి చదివి రండి. రెండూ చిన్నవే.

'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. తెలుగు కథ గురించి మాట్లాడేటప్పుడు ఈ ముక్క ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. కథ కంటే బహుమతే ఎక్కువ ప్రచారంలో ఉందేమో అని నాకనుమానం. పద్మరాజు సైన్సు లెక్చరర్‌గా పనిచేశారు. అందుకేనేమో, కథ ఒక ప్రయోగంలా నడుస్తుంది. ఒక మనిషిని తీసుకుంటారు. అతని చుట్టూ ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తారు. చివరికి ఏం మిగిలిందో చూస్తారు.

ఆ మనిషి రావుగారు. ప్లీడరు. సిద్ధాంతాలున్నవాడు. ఇంట్లో పిల్లలు కూడా ఆయన పెట్టిన నియమాల ప్రకారమే నడుచుకుంటారు. ఎక్కడో ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో వెళుతుంటాడు. పెట్టెలోకి ఒక బిచ్చగత్తె ఎక్కుతుంది. నోరున్న మనిషి. అందర్నీ నవ్వించి, ఏదో ఒక పని చేసిపెట్టి డబ్బులు అడుగుతుంది. రావుగారు ఇవ్వడు. అది పిసినారితనం కాదు. బిచ్చం వెయ్యడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం. దిగాల్సిన స్టేషన్‌లో దిగేసరికి గాలివాన ముదురుతుంది. ఆయన కోసం ఎవరూ రారు. చెట్లు కూలతాయి, రైళ్ళు ఆగిపోతాయి. ఒక గదిలో చీకట్లో ఒక్కడే మిగిలిన రావుగారి దగ్గరికి ఆ బిచ్చగత్తే వచ్చి చేరుతుంది. ఆయన ఆమెకు పొడిబట్టలిస్తాడు, బిస్కెట్లిస్తాడు. ఆమె ఆయనకు ధైర్యమిస్తుంది. మాటలిస్తుంది. చివరికి ఒంటి వెచ్చదనం ఇస్తుంది. తెల్లారి చూస్తే కూలిన గోడల కింద ఆమె చచ్చిపోయి ఉంటుంది. రావుగారి పర్సు ఆమె దగ్గరుంటుంది. రావుగారికి కోపం రాదు. ఏడుపొస్తుంది.

మామూలుగా ఈ కథని 'మానవత్వం' అనే ఒక్క మాట కింద సర్దేస్తాం. పెద్దమనిషి గర్వం కరిగింది, మనిషికి మనిషి కావాలని తెలుసుకున్నాడు, అని. అది తప్పు కాదు. కానీ కథలో నన్ను పట్టుకున్నది ఆ కరగడం కాదు, పర్సు. ఆమె అంత దయ చూపిన మనిషి, అదే రాత్రి పర్సు కూడా తీసింది. రచయిత ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. ఒకదానివల్ల ఇంకోటి అబద్ధం అయిపోయిందని ఎక్కడా అనడు. ఆకలున్న మనిషి పర్సు తీస్తుంది. చీకటంటే భయమున్న మనిషిని దగ్గరికి తీసుకుంటుంది. రెండూ ఆమే. పర్సు తీసింది కాబట్టి రాత్రంతా నటించిందని మనం అనుకోవచ్చు. రావుగారు అనుకోలేదు. ఆయన మారాడని మనకు తెలిసేది అక్కడే. రైల్లో ఉన్న రావుగారికి ఈ పర్సే కనిపించి ఉంటే, 'చూశారా, నేను చెప్పలేదూ' అనేవాడు.

ఇప్పుడు రెండో కథ. దేవరకొండ బాలగంగాధర తిలక్ 'ఊరి చివర ఇల్లు'. తిలక్ అనగానే మనకు 'అమృతం కురిసిన రాత్రి' గుర్తొస్తుంది గానీ, ఆయన కథలు మనవాళ్ళు చదవాల్సినంత చదవలేదని నా ఫిర్యాదు. ఇందులోనూ వానే. రాత్రే. జగన్నాథం అనే ఒంటరివాడు వానలో చిక్కుకుని ఊరి చివరున్న ఒక ఇంట్లో తలదాచుకుంటాడు. ఆ ఇంట్లో రమ, ఒక ముసలామె. రమ ప్రేమించినవాడు యుద్ధంలో పోయాడు. రాత్రి గడిచేకొద్దీ ఇద్దరూ ఒకరి బాధ ఒకరికి చెప్పుకుంటారు. జగన్నాథం ఆమెను పెళ్ళి చేసుకోవాలన్నంత దూరం వెళతాడు. ఇంతలో ముసలామె వచ్చి డబ్బు అడుగుతుంది. ఆ ఇల్లేమిటో, రమ బతుకేమిటో అప్పుడర్థమవుతుంది జగన్నాథానికి. పర్సు అక్కడ పడేసి స్టేషన్‌కి వెళ్ళిపోతాడు. విషయం తెలిసిన రమ ఆ పర్సు పట్టుకుని స్టేషన్ దాకా పరిగెత్తుతుంది. రైలు వెళ్ళిపోతుంది.

రెండు కథలనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లో వాన. రెండింట్లో రైలు. ఒక ఒంటరి మగవాడు, లోకం మంచిగా చూడని ఒక ఆడమనిషి, ఒక రాత్రి. రెండింట్లోనూ తెల్లవారేసరికి ఒక పర్సు. ఎవరు ఎవర్ని చూసి రాశారన్న గొడవ నాకక్కర్లేదు. ఒకే లెక్కని ఇద్దరు రెండు రకాలుగా చేశారు, అంతే. పద్మరాజు కథలో పర్సు ఆమె తీసుకుంది, అయినా రాత్రి చెడిపోలేదు. తిలక్ కథలో ఆమె తీసుకోలేదు, పైగా తిరిగి ఇవ్వడానికి పరిగెత్తింది, అయినా రాత్రి చెడిపోయింది. తేడా ఆడవాళ్ళలో లేదు. మగవాళ్ళలో ఉంది. రావుగారు ఆమెని క్షమించాడు అనడం కూడా నాకిష్టం లేదు. క్షమించడానికి పైమెట్టు మీద నిలబడాలి. ఆ పొద్దున ఆయనకు నిలబడ్డానికి ఏ మెట్టూ మిగల్లేదు. జగన్నాథం మాత్రం రాత్రంతా కింద కూర్చున్నట్టే కూర్చుని, డబ్బు మాట వినపడగానే ఒక్క గంతులో మెట్టెక్కేశాడు. పర్సు విసిరెయ్యడమంటే అదే. ఇచ్చినట్టు కనిపిస్తుంది. నిజానికి అది తిట్టు.

ఇక్కడ నా రాత్రి గురించి చెప్పాలి.

ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ధనుర్మాసం. బెంగళూరులో శుక్రవారం ఆఫీసు అయ్యాక బస్సెక్కి మదనపల్లెలో దిగేసరికి పదకొండు దాటింది. రామసముద్రానికి ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది. ఫోన్లో చార్జింగ్ లేదు. మా ఊళ్ళవైపు చలి ఎలా ఉంటుందో కోస్తావాళ్ళకి చెప్పినా నమ్మరు. మదనపల్లె ఎత్తు మీదున్న ఊరు, ఆ నెలలో రాత్రిపూట సిమెంటు బల్ల మీద కూర్చుంటే ఎముకలు కొరుకుతుంది. ఆ వారమంతా నేను ఆఫీసు పనికి సంబంధించి తప్ప ఇంకో మనిషితో మాట్లాడలేదు. ఇది అతిశయోక్తి కాదు. పీజీలో రూమ్మేటుకి నైట్ షిఫ్టు. మెస్సులో టీవీ. బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్స్. నాకు అప్పట్లో అది ఒంటరితనం అని తెలీదు. 'ప్రైవసీ' అనుకునేవాణ్ణి.

ఉడకేసిన శెనక్కాయలు అమ్ముకునే ఒకావిడ బుట్ట సర్దుకుంటూ నన్ను చూసింది.

"బస్సు పొయ్యిందా నాయనా?"

"పోయిందవ్వా."

"ఏ ఊరు?"

చెప్పాను. అప్పుడు ఆమె ఒక గంట సేపు నాతో మాట్లాడింది. మా ఊళ్ళో ఎవరింటి కోడలు తనకు వరసకు ఏమవుతుందో చెప్పింది. టమేటా ధర పడిపోయి కొడుకు కష్టాల్లో ఉన్నాడని చెప్పింది. మిగిలిన శెనక్కాయలు పేపర్లో పోసి "తినుకో, పొద్దున్నికి ఎట్టా పాడైతాయి" అంది. "సలికి సచ్చిపోతావు" అని గోనెసంచి ఒకటి, తన పాత శాలువా ఒకటి ఇచ్చింది. ఆమె ఇంకో గోనె కప్పుకుని పక్కనే గోడకానుకుని పడుకుంది. నా బ్యాగు తన తల దగ్గర పెట్టుకుంది, ఎవరూ ఎత్తుకుపోకుండా. నిద్రలో ఒకసారి మెలకువొచ్చి చూస్తే బ్యాగు మీద చెయ్యేసుకుని ఉంది. చాలా నెలల తర్వాత నాకు హాయిగా నిద్రపట్టిన రాత్రి అది.

పొద్దున మొదటి బస్సు కదిలే ముందు శాలువా తిరిగిస్తుంటే అంది: "నూర్రూపాయలుంటే ఇయ్యి నాయనా."

నా లోపల ఏదో తెగిపోయింది. ఇచ్చాను. నూరు కాదు, రెండొందలు. ఆమె మొహం చూడకుండా ఇచ్చేసి బస్సెక్కాను. అదీ నా పర్సు. తర్వాత చాలా ఏళ్ళు ఈ కథని స్నేహితులకి జోకులాగ చెప్పాను. 'రెండొందలకి శాలువా అద్దె' అని. అందరూ నవ్వేవాళ్ళు. ఆ మధ్యలోనే 'గాలివాన' రెండోసారి చదివి, రావుగారు ఎంత గొప్పగా మారాడో ఫేస్‌బుక్‌లో పేద్ద పోస్టు కూడా రాశాను. రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. మంచి కథ చదివినంత మాత్రాన మనం మంచివాళ్ళమైపోము అనడానికి ఇంతకంటే రుజువు నా దగ్గర లేదు.

పోయిన నెల మిద్దె మీద కూర్చుని రెండు కథలూ వరసగా చదివినప్పుడు తెలిసింది. నేను ఇన్నాళ్ళూ రావుగారి పార్టీ అనుకున్నాను. కాదు. జగన్నాథం పార్టీ.

ఆ రోజు నాకు ఎందుకంత తెగిపోయినట్టనిపించింది? దయ అంటే ఊరికే రావాలి, డబ్బు తగిలితే అది వ్యాపారం అయిపోతుంది, అనే లెక్క నాలో బలంగా ఉంది. ఆ లెక్క ఎక్కడిది? నెలనెలా జీతం పడేవాడి లెక్క అది. డబ్బు గురించి మాట్లాడక్కర్లేనివాడే డబ్బు మాట్లాడితే మైల పడిందనుకుంటాడు. శెనక్కాయలమ్ముకునే మనిషికి డబ్బూ దయా వేరే వేరే అరల్లో ఉండవు. రాత్రి శాలువా ఇచ్చినప్పుడు నాకు చలి. పొద్దున నూరు అడిగినప్పుడు ఆమెకు అవసరం. ఒకరి అవసరం ఇంకొకరు తీర్చారు, రెండుసార్లు. ఆమె వైపునుంచి చూస్తే అంతే కదా. ఆమె నన్ను ఒక దారినపోయేవాడిలా కాకుండా అడగదగ్గ మనిషిలాగ చూసింది. నేనే ఆమెను అంగడిని చేశాను.

చెహోవ్ కథ ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కొడుకు పోయిన గుర్రబ్బండివాడు అయోనా మంచు కురిసే రాత్రి బండెక్కిన ప్రతివాడికీ తన బాధ చెప్పుకోబోతాడు. ఎవరూ వినరు. చివరికి తన గుర్రానికి చెప్పుకుంటాడు. 1886 నాటి కథ. అందులో బండెక్కినవాళ్ళు అయోనాకి బాడిగ ఇస్తారు. డబ్బులు చేతులు మారాయి, కానీ చెవి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మన రెండు కథల్లో చిక్కు డబ్బు వల్ల వచ్చిందనుకుంటే చెహోవ్ దాన్ని తిప్పి చూపిస్తాడు. డబ్బు ఉన్నా లేకపోయినా అడ్డం కాదు. ఎదుటివాణ్ణి ఏమనుకుంటున్నాం అన్నదే. ఆ బండెక్కినవాళ్ళకి అయోనా బండిలో ఒక భాగం. మనం క్యాబ్ ఎక్కి ఓటీపీ చెప్పి కిటికీ వైపు తిరిగిపోతామే, అచ్చం అలాగే.

ఇక్కడ ఒక చిన్న పరిశోధన సంగతి. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. చికాగోలో రైళ్ళలో, బస్సుల్లో పనికి వెళ్ళేవాళ్ళలో కొందరిని పక్కనున్న తెలియని మనిషితో మాట్లాడమన్నారు, కొందరిని ఎవరితో మాట్లాడకుండా కూర్చోమన్నారు. మాట్లాడితే ప్రయాణం విసుగ్గా ఉంటుందని ఎక్కువమంది ముందు ఊహించారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ళకే ప్రయాణం బాగా అనిపించింది. రావుగారు కూడా రైల్లో ఇలాంటి తప్పు లెక్కే వేసుకున్నాడు. ఆ తప్పు దిద్దడానికి పద్మరాజుకి ఒక తుఫాను కావాల్సి వచ్చింది.

మానవత్వం అని రెండు కథల్నీ నెత్తిన పెట్టుకునే ముందు వాటితో నాకున్న పేచీ కూడా చెప్పాలి. రెండింట్లోనూ దయ కిందనుంచి పైకే పారుతుంది. ఏమీ లేని మనిషి ఇస్తుంది, అన్నీ ఉన్న మనిషికో, కనీసం రైలు టిక్కెట్టున్న మనిషికో దక్కుతుంది. తిలక్‌దే ఇంకో కథ 'నల్లజర్ల రోడ్డు'లోనూ ఇదే. అడవిదారిలో రాత్రిపూట చిక్కుకుని, పాము కరిచిన పెద్దమనిషిని గుడిసెలో ఉండే బీదవాడూ అతని కూతురూ కాపాడతారు. మన కథాసాహిత్యంలో బీదవాళ్ళు పెద్దమనుషుల్ని ఎన్నిసార్లు రక్షించారో, ఎన్నిసార్లు వాళ్ళకు జీవితసత్యం బోధపరిచారో లెక్కేస్తే భయమేస్తుంది. సత్యం తెలుసుకున్నవాడు బట్టలు దులుపుకుని పొద్దున ఇంటికెళతాడు. తెలియజెప్పిన మనిషి గోడకింద చచ్చిపోతుంది, లేదా ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతుంది.

'గాలివాన'లో ఆమె చచ్చిపోవడం రచయితకి సౌకర్యం. కఠినంగా అంటున్నానేమో. కానీ ఆలోచించండి. ఆమె బతికుంటే? ఎండ కాసింది, ఉపన్యాసానికి పిలిచినవాళ్ళు దండలతో స్టేషన్‌కి వచ్చారు, రావుగారి ధోవతి కట్టుకుని ఆమె ఎదురుగా నిలబడింది. అప్పుడేం చేస్తాడు? ఆమె పేరు అడుగుతాడా? మనకు గానీ ఆయనకు గానీ ఆమె పేరు తెలీదు. అసలు పరీక్ష పగటిపూట ఉంటుంది. పద్మరాజు ఆ ప్రశ్నాపత్రం ఇవ్వకముందే రావుగారిని పాస్ చేసేశాడు. చనిపోయినవాళ్ళ మీద దయ చూపించడం తేలిక.

తిలక్ ఆ పరీక్ష పెట్టాడు. రమ బతికుంది, తెల్లారింది, డబ్బు ప్రస్తావన వచ్చింది, జగన్నాథం ఫెయిలయ్యాడు. వాక్యాల్లో తిలక్ బాగా కవిత్వం పోతాడు. 'ఊరి చివర ఇల్లు'లో వానా చీకటీ కొంచెం ఎక్కువ మోతాదులోనే ఉంటాయి. పద్మరాజు వాక్యం పొడిగా, పట్టుగా ఉంటుంది. వచనం చూస్తే నా ఓటు 'గాలివాన'కే. కానీ నిజాయితీ దగ్గరికొస్తే తిలక్ కథ ఒక అడుగు ముందుకి వెళ్ళిందనే అంటాను. ఇంకో కారణం కూడా ఉంది. 'గాలివాన' చివరిదాకా రావుగారి తలలోనే ఉంటుంది. ఆమె భర్త గురించి, పిల్లల గురించి చెప్పుకుంటుంది గానీ, ఆమె ఒంటరితనం ఎలా ఉంటుందో కథ అడగదు. ఒంటరితనం రావుగారి సొత్తు. తిలక్ మాత్రం మగవాణ్ణి రైలెక్కించి పంపేసి, వెనక్కి తిరిగి రమతో పరిగెడతాడు. ఆఖర్న మనం ఉండేది ఆమె దగ్గర. పర్సు ఆమె చేతిలో ఉంది. ఆ పర్సు వెనక్కివ్వాలన్న ఆత్రంలో ఆమె ఎవరో మనకు తెలుస్తుంది. ఆయనకు ఎప్పటికీ తెలీదు.

మా వైపు మనిషిగా ఇంకో మాట. ఈ కథలన్నిటికీ వాన కావాలి. గోదావరి జిల్లాల రచయితలు, వాళ్ళ ఆకాశం అలాంటిది. అపరిచితులు ఒక కప్పు కిందికి చేరాలంటే అక్కడ తుఫాను వస్తుంది. మాకు తుఫాన్లు రావు, కరువొస్తుంది. కరువు మనుషుల్ని ఒక గదిలోకి తోయదు, తలా ఒక ఊరికి తోస్తుంది. మా మండలంలో ఎన్ని ఇళ్ళకు బెంగళూరులో ఎవరో ఒకరు ఉన్నారో! మరి మా దగ్గర అపరిచితుడి మీద దయ ఎక్కడుంది? నాకు కనిపించినంతలో చలివేంద్రంలో ఉంది. ఎండాకాలం రోడ్డు పక్కన తాటాకు పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు, ఒక గ్లాసు. పెట్టినవాళ్ళెవరో తాగేవాడికి తెలీదు, తాగేవాడెవరో పెట్టినవాళ్ళకు తెలీదు. అందులో నాటకీయత లేదు, ఎవరి జీవితమూ మారదు. అందుకే దాని మీద బహుమతి వచ్చే కథ రాయడం కష్టం.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. వందేళ్ళకు ముందు మిషనరీలు కట్టిన క్షయ శానటోరియం. ఒకప్పుడు దూరప్రాంతాల్లో మదనపల్లె అంటే టీబీ ఆస్పత్రే. జబ్బు సోకినవాణ్ణి ఇంటికి దూరంగా నెలల తరబడి ఉంచేవారు. గాలి మంచిదని. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం, ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత ఫలితం ఉంటుందని తేల్చింది. ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను, ఆ వరండాల్లో పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు ఒకరికొకరు ఏమయ్యుంటారా అని. దుప్పటి సర్దడం, ఉత్తరం చదివిపెట్టడం, రాత్రి దగ్గొస్తే లేచి నీళ్ళందివ్వడం. అక్కడ ఒంటరితనం ఒక రాత్రిది కాదు, నెలలది. వాళ్ళ గురించి మంచి తెలుగు కథ ఎవరైనా రాస్తే చదవాలనుంది. తుఫాను లేని కథ. ఎవరూ కూలిన గోడకింద పడి చావని కథ. పొద్దున్నే మళ్ళీ అదే మొహం చూడాల్సిన కథ.

ఎందుకంటే చిన్న చిన్న దయలు ఒంటరితనానికి మందు అని నేను నమ్మను. వాట్సాప్‌లో తిరిగే 'ఆటోడ్రైవర్ మంచితనం' లాంటి ఫార్వర్డులు చదివి కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే బాపతులో నేనూ ఉన్నాను. ఆ రాత్రి తర్వాత నా ఒంటరితనమేమీ తగ్గలేదు. సోమవారం మళ్ళీ అదే పీజీ, అదే మెస్సు. రావుగారికీ అంతే అయ్యుంటుంది, కథ అయిపోయింది కాబట్టి మనకు తెలీదు. అయితే చిన్న దయ ఒక పని చేస్తుంది. మన గురించి మనం వేసుకున్న లెక్క తప్పని చూపిస్తుంది. నాకెవరూ అక్కర్లేదు అనే లెక్క. ఆ తర్వాత దాన్ని సరిచేసుకోవడం మన పని. పద్మరాజు తప్పుని చూపించాడు. తిలక్, తప్పు తెలిశాక కూడా మనిషి ఎంత తేలిగ్గా పాత లెక్కలోకి జారిపోతాడో చూపించాడు. ఒకటి లేకుండా ఇంకోటి చదివితే సగమే చదివినట్టు. నేను పదేళ్ళు సగమే చదివాను.

మూడోసారి చదివిన వారం, బెంగళూరుకి తిరిగి వెళుతూ మదనపల్లె బస్టాండులో కావాలనే రెండు బస్సులు వదిలేశాను. శెనక్కాయలమ్మేవాళ్ళు ముగ్గురున్నారు. ఇద్దరు వయసైనవాళ్ళు. వాళ్ళలో ఆమె ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. శాలువా రంగు గుర్తుంది, గోనెసంచి వాసన గుర్తుంది, "తినుకో" అన్న గొంతు కూడా గుర్తుంది. మొహం గుర్తు లేదు. రాత్రి చీకటి, పొద్దున నేను చూడలేదు.

ఒకావిడ దగ్గర శెనక్కాయలు కొన్నాను. "యాడికి నాయనా?" అంది. బెంగళూరికని చెప్పి, బుట్ట పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. ఇయర్‌ఫోన్స్ జేబులోనే ఉన్నాయి. ఈసారి టమేటా ధర బాగుందంట.